కరవని సబ్బు

ఇలా రండి, ఇలా జరగండి. గడపలో నిలబడ్డవాళ్లు లోపలికైనా రండి, బయటికైనా పోండి, గాలికి అడ్డం ఉండకండి. వెనక ఎవరమ్మా ఇంకా మాట్లాడేది? నీ కబుర్లు రేపటికీ తాజాగానే ఉంటాయి, నా కథ మాత్రం చల్లారితే గడ్డ కట్టేస్తుంది. దగ్గేవాళ్లు ఇప్పుడే దగ్గేసుకోండి. అయిందా? ఊఁ.

ఒక సబ్బుల కార్ఖానా ఉండేది. అందులో ఒకావిడ పనిచేసేది. ఆవిడ చేసే పనేంటయ్యా అంటే, సబ్బు నాకడం. నవ్వండి, నవ్వండి. నవ్వడం అయ్యాకే చెప్తా.

సబ్బంటే ఏంటి? నూనె, కొవ్వు, కాస్టిక్. నూనె ఒంటికి మంచిది. కాస్టిక్ ఒంటిని తినేస్తుంది. ఈ రెంటినీ ఏనుగు మునిగేంత ఇనప బానలో పోసి కింద మంట పెడితే, కొత్త మొగుడూ పెళ్లాల్లాగా పొద్దుటంతా కొట్టుకుని, మధ్యాహ్నానికి ఎవరు ఎవరో తెలీకుండా కలిసిపోతాయి. అదే సబ్బు. కాస్టిక్ ఒక్క పిసరు కలవకుండా మిగిలిందా, అది సబ్బు కాదు, తేలుపిల్ల. మిగిలిందో లేదో కంటికి కనబడదు, ముక్కుకి అందదు. నాలుక్కే తెలుస్తుంది. తెడ్డు మీంచి ఒక బొట్టు పెంకు ముక్క మీద వేసి, ఆరాక, నాలుక కొసతో తాకాలి. చురుక్కుమంటే "కరుస్తోంది" అంటారు. ఇంకా ఉడకాలన్నమాట. చప్పగా ఉంటే "కరవట్లేదు" అంటారు. దించెయ్యొచ్చు.

ఆ రెండు ముక్కలు అనే హక్కు ఆ కార్ఖానాలో ఈవిడ ఒక్కదానికే. అందరూ నాలుకత్త అనేవాళ్లు. వేరే చోట్లయితే ఏదో మందు చుక్క వేసి రంగు మారిందా లేదా చూస్తారట. ఇక్కడి ఓనరు ఆ సీసా ఎప్పుడూ కొనలేదు. "నడిచే సీసా ఇంట్లో ఉండగా ఇంకో సీసా ఎందుకు?" అనేవాడు. ఆ నాలుక సంగతి ఏం చెప్పమంటారు! పీపా మూత తియ్యకుండా, పైన అంటిన మరక తాకి, ఈ గింజలు కోసిన రోజు వాన పడిందని చెప్పిందట. కొవ్వు తాకి, ఈ గొర్రెకి ఎడమకాలు కుంటి అని చెప్పిందట. నేను చూళ్లేదు. చూసినాయన చెప్పాడు. ఆయన పోయాడు కాబట్టి నమ్మాల్సిందే.

ఇక అసలు సంగతిలోకి వద్దాం. ఆ రోజు కార్ఖానాకి కొత్త పీపాలొచ్చాయి. ఓనరు ఎక్కడో చవగ్గా పట్టుకొచ్చిన నూనె. కాస్టిక్ తూచి పోసేవాణ్ణి అందరూ తూకపాయన అనేవాళ్లు. ముల్లు నడిమధ్య నిలబడేదాకా ఊపిరి కూడా వదలడు, తన ఊపిరికి ముల్లు కదులుతుందని భయం. ఆయన ఎప్పటి తూకమే తూచి పోశాడు. తెడ్డువాడు బాన చుట్టూ తిరుగుతూ కలిపాడు. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి సరుకు చిక్కబడి, తెడ్డు ఎత్తితే పట్టుగుడ్డ జారినట్టు జారింది.

"అత్తా! బొట్టు వేశా!"

నాలుకత్త వచ్చింది. నోరు పుక్కిలించింది. పెంకు ముక్క అరచేతిలో పెట్టుకుని పాలు ఆర్చినట్టు ఊదింది. కళ్లు మూసుకుంది. ఆవిడ కళ్లు మూసుకుంటే కార్ఖానా అంతా నోరు మూసుకునేది. సబ్బు కోసే తీగ ఆగేది, అచ్చు మిషను ఆగేది.

నాలుక కొసతో తాకింది. ఏం లేదు. మళ్లీ తాకింది. ఏం లేదు.

"కరవట్లేదు. దించండి."

"అత్త సరేనన్నాక దేవుడైనా వేలిముద్ర వెయ్యాల్సిందే, పట్టండ్రా!" అని మేస్త్రీ అరిచాడు. బాన వంచారు. సబ్బు చెక్కపెట్టెల్లోకి నిండుగా, మెల్లగా, లేతపసుపు రంగులో పారింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందంటే, చెంచా ఉంటే ఎవడైనా తినేసేవాడు.

మర్నాడు తెల్లారింది. నాలుకత్త ఇంట్లో పురిటికొచ్చిన కూతురుంది, కూతురి ఒళ్లో పసిగుడ్డుంది. అల్లుడు లారీ మీద ఊళ్లు తిరిగేవాడు, ఇంకో రెండు నెలలదాకా రాడు. నాలుకత్త టీ పెట్టింది. తను గట్టు మీద కూర్చుని సగం గ్లాసు తాగేసింది. రెండో గ్లాసు కూతురికిచ్చింది. కూతురు ఒక గుక్క నోట్లో పోసుకుని, మంచం మీంచే కిటికీలోంచి బయటికి ఉమ్మేసింది.

"అమ్మా! ఇది టీయా, సముద్రమా?"

"ఏమైందే?"

"ఏమైందేంటి, పంచదారకి బదులు ఉప్పేశావు! నువ్వు తాగావా?"

నాలుకత్త తన గ్లాసులోకి చూసింది. సగం ఖాళీ.

"లేదే. ఇంకా నోట్లో పెట్టలేదు" అంది.

మొదటి అబద్ధం అదీ. ఎంత తేలిగ్గా వచ్చిందంటే ఆవిడకే ఆశ్చర్యమేసింది.

వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. ఉప్పు డబ్బా తీసి చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఇసక. పంచదార వేసుకుంది. ఇది కాస్త పెద్ద ఇసక. నిమ్మకాయ కొరికింది. తడి, అంతే. మిరప్పొడి వేసుకుంది. గొంతు మండింది, ముక్కు కారింది, కళ్లు కారాయి. నాలుక మాత్రం పక్కింటి గొడవ విన్నట్టు ఊరికే పడుంది.

అప్పుడు ఆవిడకి నిన్నటి పెంకు ముక్క గుర్తొచ్చింది.

ఏం లేదు. మళ్లీ తాకితే, ఏం లేదు.

గట్టు పట్టుకుని నిలబడింది. పసిగుడ్డు అవతల గదిలో ఏడ్చింది. ఇంకెప్పుడైనా అయితే పరిగెత్తేది, ఆ పూట కదల్లేకపోయింది.

"అమ్మా, ఏం చేస్తున్నావక్కడ?"

"డబ్బాలు సర్దుతున్నానే."

రెండోది.

ఆ పొద్దున ఎవరూ రాకముందే కార్ఖానాకి వెళ్లింది. పెట్టెల్లో సబ్బు గట్టిపడుతోంది. ఒక మూల గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. ఏం లేదు. చూశారా, చిక్కంతా అక్కడే ఉంది. సబ్బు కరవకపోతే ఏం ఉండదు. నాలుక చచ్చిపోతే కూడా ఏం ఉండదు. రెండు "ఏం లేదు"లూ ఒకేలా ఉంటాయి. అమావాస్య చీకట్లో నల్లపిల్లి ఉందో లేదో చూడమంటే ఎవడు చెప్తాడు?

మోచేతి లోపలివైపు రాసుకుని తడిపింది. ఆ చర్మం సబ్బునీళ్లలో నాని నాని చెప్పు అడుగులాగా తయారై ఉంది. అదీ నోరు మెదపలేదు. పెట్టెల కింద పిల్లి పడుకుని ఉంది. ఒక్క క్షణం ఆ పిల్లి వంక చూసింది. పిల్లి కూడా ఆవిడ వంక చూసింది. ఏం అర్థమైందో ఏమో, లేచి గోడెక్కి, ఆ వారమంతా మళ్లీ కనబడలేదు.

"ఏంటక్కా, పొద్దున్నే వచ్చేశావు?"

తూకపాయన. చేతిలో తాళాల గుత్తి, చంకలో గొడుగు. నాలుకత్త గుప్పిట మూసేసింది.

"నిద్రపట్టక వచ్చా తమ్ముడూ. పసిపిల్ల ఏడుపు."

"కాస్త ఏడవనీ అక్కా, ఊపిరితిత్తులు బలపడతాయి" అని నవ్వి, వెళ్లి త్రాసు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పళ్లేన్ని తుడిచాడు, గొలుసుల్ని ఒక్కో లంకెగా తుడిచాడు, ముల్లుని వేలికొసతో తట్టి, తల పక్కకి వంచి చూశాడు. ఒక్కో నూనె ఒక్కో కొలత కాస్టిక్ తాగుతుంది. నిన్న కొత్త నూనెకి కూడా పాత తూకమే వేశావా తమ్ముడూ అని అడుగుదామనుకుంది. అడిగితే, ఎందుకక్కా అంటాడు. ఎందుకో చెప్పాలి. మాట నోటిదాకా వచ్చి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మేస్త్రీ వచ్చాక చెవిలో ఊదింది. "బాబూ, ఆ పెట్టెలు ఇంకో నాలుగు రోజులు ఉంచరాదూ? పచ్చిగా ఉన్నట్టుంది."

"పచ్చిగానా? నువ్వే గదా కరవట్లేదన్నావు?"

"అన్నాననుకో. మళ్లీ ఒక ఉడుకు పట్టిస్తే..."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "అత్తా, నీ నాలుక మీద నువ్వే అనుమానపడితే ఇక సూర్యుడు తూర్పున పొడవాలా వద్దా అని మమ్మల్ని అడుగుతాడు. పో, పోయి కూర్చో."

పోయి కూర్చుంది. దొంగకి తేలు కుడితే అరవడానికుంటుందా?

సబ్బు కోసే రోజు వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు తీగకి అటూ ఇటూ కొయ్యపిడులు పట్టుకుని, కళ్లు కళ్లు కలుపుకుని, ఒక్క ఊపున లాగుతారు. దిమ్మ పలకలవుతుంది, పలక కడ్డీలవుతుంది, కడ్డీ బిళ్లలవుతుంది. బిళ్ల అచ్చు కిందికెళ్లి టక్‌మని పువ్వు గుర్తు వేయించుకుని వస్తుంది. తీగ లాగినప్పుడల్లా "స్స్" మని చప్పుడు. ఎప్పుడూ ఉన్న చప్పుడే. ఆ రోజు నాలుకత్తకి అది ఎవరో నొప్పికి పళ్లు బిగించినట్టు వినబడింది.

కోసినప్పుడూ, అచ్చు వేసినప్పుడూ రాలిన అంచు ముక్కలు పనివాళ్లకి పంచుతారు. ఆవిడ వాటా గుడ్డలో మూటగట్టి చేతిలో పెట్టారు. వద్దంటే ఎందుకంటారు. తీసుకుంది. దారిలో మురిక్కాలవ ఉంది, అందులో పడేద్దామనుకుంది. అక్కడ కాలవగట్టు మీద ఇద్దరు ముసలమ్మలు కూర్చుని దారినపోయేవాళ్ల లెక్క తేలుస్తున్నారు. సబ్బు పారేసిన మనిషంటే వాళ్లకి వారానికి సరిపడా మేత. మూట చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, పాత బట్టల కింద దాచింది.

గడప కడిగి, గిన్నెలు తోమి లోపలికొచ్చేసరికి కూతురు పీట వేసుకుని కూర్చుని ఉంది. కాళ్లు చాపి, కాళ్ల మీద పసిగుడ్డుని బోర్లా పడుకోబెట్టుకుంది. పక్కన గోరువెచ్చటి నీళ్లు. చేతిలో లేతపసుపు ముక్క.

"ఎక్కడ దాస్తావమ్మా, నా ముక్కు నీ నాలుకంత కాకపోయినా కాస్తో కూస్తో పనిచేస్తుంది" అని నవ్వుతూ ముక్కని నీళ్లలో ముంచింది.

నాలుకత్త గది అటు చివర్నుంచి ఇటు చివరికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. మధ్యలో ఉన్న బిందె దొర్లింది. కూతురి చేతి మీద ఒక్కటేసింది. ముక్క ఎగిరి గోడక్కొట్టుకుని నేల మీద జారి మంచం కిందికి పోయింది. పసిగుడ్డు ఉలిక్కిపడి గుక్కపట్టింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అమ్మా!"

"అది... అది బట్టల సబ్బే."

"బట్టల సబ్బుకి పువ్వు గుర్తు వేస్తారా?"

"అంచు ముక్క మీద పువ్వెక్కడిదే?"

"సగం పువ్వుంది, నా కళ్లతో చూశాను! సబ్బుల కొంపలో పుట్టి, నా బిడ్డకి సబ్బు లేదా?"

నాలుకత్త కూర్చుని, పసిదాని వీపు మీద వట్టి నీళ్లు పోసింది. చేత్తో నిమిరింది. అరటిదూట లోపలి పొరలాగా ఉంది ఆ వీపు. మెడ కింద మడత, చంకలో మడత, తొడ మీద మూడు మడతలు. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఈ చర్మానికి తెలుస్తుంది. నా నాలుక చెప్పంది, నా మోచెయ్యి చెప్పంది, దీని వీపు మీద ఒక్క గీత గీస్తే చెప్తుంది. కరిస్తే ఏడుస్తుంది. అంతే, తేలిపోతుంది.

ఆ ఆలోచన తనదేనని తెలిసేసరికి ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. తన చేతిని తనే నమ్మలేక ఒళ్లో పెట్టుకుని రెండో చేత్తో పట్టుకుంది.

"అమ్మా, ఒళ్లంతా చెమటలేంటే?" అంది కూతురు, ఈసారి మెల్లగా.

"వేడినీళ్ల ఆవిరి."

మూడోదో, నాలుగోదో. ఇక లెక్కపెట్టడం మానేసింది.

సబ్బుకి కాళ్లుండవంటారు గానీ, గేటు దాటాక దాని కంటే వేగంగా నడిచేది లేదు. తోపుడుబండి ఎక్కి కొట్లకి పోయింది. కొట్లలోంచి సంచుల్లోకి, సంచుల్లోంచి ఇళ్లలోకి. నాలుకత్త దారిలో నడుస్తుంటే అన్నీ సబ్బులే. ఒకావిడ వరండాలో పిల్లాడి తల రుద్దుతోంది. వాడు "మండుతోందే" అని గోల పెడుతున్నాడు. కళ్లల్లో నురగ పోయిందో, ఇంకేమైనానో. ఎదురింటి ఆయన వీపు గోక్కుంటున్నాడు. చెమటకాయలో, ఇంకేమైనానో. టీకొట్టు దగ్గర ఒకడు అరచేతులు చూసుకుంటున్నాడు. వాడు చేతులెందుకు చూసుకుంటున్నాడు? ఊరంతా తన నోట్లోంచి వచ్చిన ఒక్క ముక్కని ఒంటికి రుద్దుకుంటోంది. ఆవిడ తల దించుకుని, గోడవారగా నడిచింది. గోడలకీ సబ్బు వాసనే.

చెప్పేద్దామని రోజూ అనుకునేది. చెప్తే ఏమవుతుంది? నాలుక లేని నాలుకత్తని ఎవరుంచుకుంటారు? తీగ లాగే ఒడుపు లేదు, తెడ్డు తిప్పే బలం లేదు. ఇంట్లో బాలింత, పసిగుడ్డు. ఇవాళ వద్దు, రేపు చెప్తా. ఈలోగా ఎవరికీ ఏమీ కాకపోతే, సబ్బు మంచిదేనని తెలిసిపోతుంది, నెమ్మదిగా ఏదో వంక చెప్పి తప్పుకుంటా. భయమున్నవాళ్లు వేసే లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి, చివర్లో మనకి కావాల్సిందే వచ్చేలా వేస్తాం.

తర్వాతి బాన ఉడికే రోజు, ఇంకా బొట్టు వెయ్యకముందే, గేటు దగ్గర గొడవ మొదలైంది.

సెలూను ఆయన వచ్చాడు. చేతిలో సబ్బుబిళ్ల. వెనకాల ఆయన గిరాకీ, మెడకి తెల్లగుడ్డ కట్టి ఉండగానే కుర్చీలోంచి లేచి వచ్చేసినట్టున్నాడు. ఒక బుగ్గ నున్నగా గీసి ఉంది, ఇంకో బుగ్గ మీద గడ్డం అలాగే ఉంది. గీసిన బుగ్గ పండు మిరపకాయలాగా ఎర్రగా, పొక్కులతో మెరుస్తోంది. వాళ్ల వెనక సగం వీధి ఉంది. తమాషా ఉచితంగా దొరికితే ఎవరు మానుకుంటారు?

"ఇది సబ్బా, నిప్పుకణికా? మనిషి ముఖం చూడండి! నా కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారు?" అని సెలూనాయన, గదిలోంచి బయటికొచ్చిన ఓనరు ముఖం ముందు బిళ్లని ఆడించాడు.

ఓనరు బిళ్ల తీసుకుని చూశాడు. పువ్వు గుర్తు. తన సరుకే. ముఖంలో రంగు మారింది, గొంతు మాత్రం మారలేదు.

"మా దగ్గర అలా జరగదండీ. ప్రతి బానా మా అత్త నాలుక దాటే బయటికెళ్తుంది. ఏం అత్తా, ఇది నువ్వు చూసిందే కదా?"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. నాలుకత్త తలూపింది. ఊపలేదనీ అనొచ్చు, మెడ వణికిందంతే.

"చూశారా! ఆవిడ నాలుక ఇప్పటిదాకా తప్పలేదు. మరి బాన దించేటప్పుడు బాగున్న సబ్బు తర్వాత ఎలా కరుస్తుంది?" ఓనరు వేలు నెమ్మదిగా తిరిగి తిరిగి తూకపాయన దగ్గర ఆగింది. "ఆవిడ చూసిన తర్వాత ఎవరో కాస్టిక్ కలిపారు. కాస్టిక్ గది తాళం నీ దగ్గరేగా?"

అర్థమైందా? ఆవిడ నాలుక తప్పదు కాబట్టి ఈయన చెయ్యి తప్పు చేసుండాలి. ఎంత నున్నటి లెక్కో చూడండి, ఎక్కడా అతుకు కనబడదు.

తూకపాయన గొడుగుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నేనెందుకు కలుపుతానండీ?"

"నాకేం తెలుసు? పక్క కార్ఖానా వాళ్లు ఏమన్నా ఆశ పెట్టారేమో. పోలీసుల్ని పిలుద్దాం, వాళ్లే అడుగుతారు. మేస్త్రీ, తాళాలు తీసుకో."

మేస్త్రీ ముందుకొచ్చి చెయ్యి చాపాడు. తూకపాయన తాళాల గుత్తి ఇవ్వలేదు, అలాగని గుంజుకోనూ లేదు. నాలుకత్త వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అక్కా" అన్నాడు. "నీ నాలుక తప్పదు కదా. మరి నేనే ఏదో చేసుంటాను. ఆ రోజు... మా ఆవిడకి జ్వరం, రాత్రి కునుకు లేదు. తూచేటప్పుడు చెయ్యి వణికిందేమో. రెండుసార్లు పోశానేమో. గుర్తు లేదు. చేసే ఉంటాను."

తాళాలు తనే మేస్త్రీ చేతిలో పెట్టాడు. ముల్లు కదులుతుందని ఊపిరి బిగబట్టే మనిషి, తన చేతిని కాదని ఆవిడ నాలుకని నమ్మాడు.

నాలుకత్త లోపల ఏదో తెగింది. భయం పోయిందనుకుంటున్నారా? పోలేదు. ఇంకా పెరిగింది. పెరిగి పెరిగి, కూర్చోడానికి చోటు లేక నోట్లోంచి బయటికొచ్చింది.

"నాకు రుచి తెలీదు!"

ఎవరికీ అర్థం కాలేదు.

"నా నాలుక చచ్చిపోయింది. ఉప్పు తెలీదు, కారం తెలీదు. ఆ రోజు బాన నేను చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. తమ్ముడి తూకం ఎప్పటిదే. కొత్త పీపాల నూనె కాస్టిక్‌ని పూర్తిగా తాగినట్టు లేదు. నాలుకుంటే పట్టుకునేదాన్ని. లేదు."

ఓనరు నవ్వాడు. మేస్త్రీ నవ్వాడు. సబ్బు కోసే ఆడవాళ్లు "అయ్యో అత్త మనసెంత వెన్నో" అని ముక్కు మీద వేలేసుకున్నారు.

"నాకోసం అబద్ధం ఆడకు అక్కా" అన్నాడు తూకపాయన. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇన్నాళ్లూ అబద్ధాలు చెప్తే ఇంటా బయటా అందరూ నమ్మారు. నిజం చెప్తే సగం ఊరు జాలిపడింది.

నాలుకత్త ఓనరు దగ్గరికెళ్లి, "ఒకసారి ఇటివ్వండి" అని, ఆయన చేతిలోంచి ఆ బిళ్ల లాక్కుంది. గోటితో ఒక తునక విరిచి నాలుక మీద పెట్టుకుంది. నోరు మూసింది. నమిలింది. నురగ పెదాల చివర్లనించి కారింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. అలా నిలబడింది, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలాగా.

"అంటే... సబ్బు మంచిదే అన్నమాట!" అని మేస్త్రీ విజయం సాధించినట్టు చుట్టూ చూసి, ఇంకో తునక విరిచి తన నాలుక మీద పెట్టుకున్నాడు.

పెట్టుకున్నాడో లేదో గాల్లోకి లేచాడు. ఎంత ఎత్తు లేచాడంటే, పైకప్పు మీద ఎండబెట్టిన గోనెలు కనబడ్డాయని తర్వాత తనే చెప్పుకున్నాడు. నాలుక బయట వేలాడేసుకుని, "హా హా హా" అంటూ నీళ్లతొట్టి వైపు పరిగెత్తి తల ముంచేశాడు.

ఇక ఎవరూ నవ్వలేదు.

అందరూ నీళ్లతొట్టి వైపు చూసి, తర్వాత ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఇంకా నోరు మూసుకునే ఉంది. తూకపాయనే ముందు తేరుకున్నాడు. "అక్కా, ఉమ్మెయ్! ఉమ్మెయ్యక్కా!" అని చెంబుతో నీళ్లు తెచ్చి, గడ్డం పట్టుకుని నోరు తెరిపించి పోశాడు. నాలుక కొస సున్నం పూసినట్టు తెల్లబడి ఉంది. ఆవిడ దాన్ని వేలితో తాకి చూసుకుంది. ఎవరి నాలుకో తాకినట్టుంది.

"సెలూను బాబూ" అంది, మాట ముద్దముద్దగా వచ్చింది. "మీ వీధిలో ఇంటింటికీ చెప్పండి. ఆ సబ్బు ఎవరూ ఒంటికి రాయొద్దు. పసిపిల్లలున్న ఇళ్లకి ముందు చెప్పండి."

గేటు బయట వీధి వింటోంది. ఓనరు గొంతు సవరించుకున్నాడు. అంతమంది విన్నాక మింగడానికి వీల్లేదు. "అవునవును. కొట్లన్నిట్లోంచీ వెనక్కి తెప్పించేస్తాం. బండి తియ్యండ్రా" అన్నాడు, అది తనకే తట్టినట్టు. మేస్త్రీ దగ్గర్నించి తాళాలు తీసుకుని తూకపాయన చేతిలో తనే పెట్టాడు, ముఖం మాత్రం చూళ్లేదు. తర్వాత నాలుకత్తని పీపాల చాటుకి రమ్మన్నాడు.

ఆవిడ వెళ్లింది. ఇన్నాళ్లూ తలుచుకుని వణికిన మాట ఇప్పుడు వినబోతోంది. చెవులు గట్టిగా మూసుకోవాలనిపించింది.

"అత్తా" అన్నాడు ఓనరు, గొంతు బాగా తగ్గించి. "పోయింది నాలుకేగా, పేరు పోలేదుగా. ఈ వీధివాళ్లు నాలుగు రోజులు వాగి మర్చిపోతారు. బయటూరి బేరగాళ్లు వస్తే నువ్వు ఎప్పట్లాగే బాన దగ్గర నిలబడు. కళ్లు మూసుకో, నాలుక పెట్టు, కరవట్లేదను. అసలు చూసేది వెనకాల ఇంకెవరితోనైనా చూపిద్దాం. చూపించకపోయినా నీకు వచ్చే జీతం ఎక్కడికీ పోదు. సరేనా?"

వెళ్లగొడతారని ఆవిడ భయపడింది. ఇక్కడే ఉండిపొమ్మంటున్నారు. చచ్చిన నాలుకని ఊరికి చూపిస్తూ, రోజూ, పసుపు పలకలు గేటు దాటి పోతుంటే చూస్తూ. ఆ మొదటి భయం వేడిది. ఈ కొత్తది చల్లగా ఉంది, బావిలోకి తొంగిచూసినట్టు.

అప్పుడే బాన దగ్గర్నించి కేక వినబడింది. ఈ గొడవలో అందరూ బానని మర్చిపోయినా తెడ్డువాడు తిప్పుతూనే ఉన్నాడు.

"అత్తా! బొట్టు వేశా!"

అలవాటు చూడండి. వాడికి అంతా తెలుసు, అంతా చూశాడు, అయినా ఆ మాటే వచ్చింది. అని నాలుక్కరుచుకున్నాడు. అందరూ అలవాటుగానే నోళ్లు మూశారు. తీగ ఆగింది. అచ్చు ఆగింది.

నాలుకత్త పీపాల చాటునించి బయటికొచ్చింది. పెంకు ముక్క తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని ఊదింది. ఓనరు ముఖంలో నెమ్మదిగా ధైర్యం వచ్చింది. ఆవిడ ఆ పెంకు ముక్కని నోటి దాకా తీసుకెళ్లలేదు. నడుచుకుంటూ వెళ్లి తూకపాయన ముందు పట్టుకుంది.

"నువ్వు చూడు."

"నేనా? నాకేం తెలుసక్కా?"

"నోరుందా లేదా?"

తూకపాయన నుదురంతా చెమట. ఊపిరి బిగబట్టాడు. కళ్లు గట్టిగా మూసుకుని, నాలుక కొస రవ్వంత బయటికి తెచ్చి, తాకాడు. ఉలిక్కిపడ్డాడు.

"కరుస్తోంది!"

"అది సబ్బా, నీ భయమా? మళ్లీ చూడు."

మళ్లీ తాకాడు. ఈసారి ఆగాడు. "కరుస్తోంది. కొంచెమే. కానీ కరుస్తోందక్కా."

"ఇంకొకళ్లు చూడండి" అంది.

సబ్బు కోసే ఆవిడ చూసింది. కరుస్తోందంది. తెడ్డువాడు తెడ్డు గోడకానించి వచ్చి చూశాడు. కరుస్తోందన్నాడు. మేస్త్రీ తడితలతో, నాలుక ఇంకా బయటే పెట్టుకుని, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, ఇవాళ్టికి నా వంతు అయిపోయిందని. చివరికి ఆ పెంకు ముక్క తిరిగి తిరిగి ఓనరు ముందు ఆగింది. ఓనరు అటూ ఇటూ చూశాడు. గేటు బయట వీధంతా మెడలు చాపి చూస్తోంది. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మందు తాగే పిల్లాడిలాగా ముఖం పెట్టి, వంగి, నాకాడు.

"కరుస్తోంది" అన్నాడు, ఎవరికీ వినబడకుండా.

"ఏంటండీ?" అంది నాలుకత్త.

"కరుస్తోంది, కరుస్తోంది! ఉడికించండి!"

తెడ్డువాడు పరిగెత్తి తెడ్డు అందుకున్నాడు. కింద మంట ఎగదోశారు. నాలుకత్త గోడకానుకుని కూర్చుంది. రేపటి నుంచి ఏం పని చెయ్యాలో, ఉంటుందో ఉండదో, ఇంటికెళ్లి కూతురికి ఏమని చెప్పాలో ఏమీ తెలీదు. తూకపాయన వచ్చి పక్కన కూర్చుని, తుడుచుకోమని తన తువ్వాలు ఇచ్చాడు. ఆవిడ నోరు తుడుచుకుంది. బానలో సబ్బు బుడబుడమంటోంది.

కొట్లకి పోయి సబ్బు వెనక్కి తెమ్మన్న తోపుడుబండి ఆయన ఎక్కడికీ పోలేదు. బండి మీద కాళ్లాడిస్తూ కూర్చుని, మొదట్నించీ అంతా చూసి, చాలాసేపు గడ్డం గోక్కుని, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి గట్టిగా అన్నాడు:

"ఇన్నేళ్లూ సబ్బు నాకిందంటే, ఆవిడ నాకిన కంచం ఇంట్లో ఎవరూ కడగక్కర్లేదన్నమాట!"